యూనిఫాం, గుర్తింపు కార్డు, ఆఫీసు బండి పోతే: దుర్వినియోగాన్ని అడ్డుకోవడం ఎలా?

సందు మలుపులో ఉండే ఇస్త్రీ బండి దగ్గర ఒకసారి కాసేపు నిలబడి చూడండి. తాడుకు వేలాడుతున్న బట్టల్లో ఒక ఖాకీ చొక్కా, ఒక సెక్యూరిటీ ఏజెన్సీ చొక్కా, ఒక అంబులెన్స్ సిబ్బంది కోటు కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒకదానికి భుజం మీది బ్యాడ్జీ, జేబు మీది పేరు పట్టీ ఊడదీయకుండా అలాగే ఉంటాయి. ఇస్త్రీ చేసే ఆయన టీ తాగడానికి అవతలికి వెళితే ఆ చొక్కాకు కాపలా ఎవరూ ఉండరు. దానిని తొడుక్కుని వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి ప్రశ్నించే ఇల్లు మన ఊళ్లలో అరుదు.

నేను ఒక కార్యాలయంలో స్టోర్స్ బాధ్యత చూసిన రోజుల్లో, క్షేత్రస్థాయిలో తిరిగే ఒక ఉద్యోగి బస్సులో సంచి మరిచిపోయాడు. అందులో శాఖ ముద్ర ఉన్న జాకెట్టు, గుర్తింపు కార్డు ఉన్నాయి. మెమో ఇస్తారన్న భయంతో అతను తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. పదో రోజున, సంతలో కూరగాయలు అమ్మే ఒకామె ఆఫీసుకు వచ్చి, “మీ మనిషే కదండీ, రశీదు ఇవ్వకుండా మూడుసార్లు డబ్బులు పట్టుకుపోయాడు” అని నిలదీసే దాకా, ఆ వస్తువులు పోయాయన్న సంగతే మాకు తెలియలేదు. దొంగకు కలిసొచ్చింది ఆ తొమ్మిది రోజులే. అప్పటి నుంచి ఈ విషయంలో నేను ఏ జాగ్రత్త చెప్పినా, వస్తువు పోవడానికీ ఆ సంగతి అందరికీ తెలియడానికీ మధ్య ఉండే సమయాన్ని ఎలా తగ్గించాలన్న దాని చుట్టూనే చెబుతున్నాను. మీరు యూనిఫాంలు పంచే కార్యాలయంలో ఉన్నా, వాటిని వేసుకునే ఉద్యోగి అయినా, గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ అయినా, మామూలు గృహస్థులైనా, కింది పనుల్లో మీ వంతు కొన్ని ఉంటాయి.

ముందు లెక్క సరిచూసుకోండి

ఏమేం ఇచ్చామో తెలియనప్పుడు ఏం పోయిందో కూడా తెలియదు. కాబట్టి మొదటి పనిగా ఇష్యూ రిజిస్టరును తెరిచి, “యూనిఫాం రెండు జతలు” అని ఒకే వరుసలో రాసే అలవాటును మానుకోండి. చొక్కా, ప్యాంటు, టోపీ, బెల్టు, భుజం బ్యాడ్జీలు, పేరు పట్టీ, ఈలతాడు, వానకోటు, రాత్రిపూట మెరిసే జాకెట్టు, ఇవన్నీ వేరువేరు వరుసల్లో, వేరువేరు సంఖ్యలతో, తీసుకున్నవారి సంతకంతో ఉండాలి. వీటిలో మెరిసే జాకెట్టును దాదాపు అందరూ మరిచిపోతారు. రోడ్డు మీద చీకట్లో బండిని ఆపడానికి పూర్తి యూనిఫాం అక్కర్లేదు, వీపు మీద నాలుగు అక్షరాలున్న ఆ జాకెట్టు, చేతిలో ఒక టార్చిలైటు ఉంటే సరిపోతుంది. అందువల్ల దానికి చొక్కా కంటే గట్టి లెక్క ఉండాలి.

చొక్కా లోపల మార్కరుతో రాసిన సంఖ్య నాలుగు ఉతుకులకు చెరిగిపోతుంది. దర్జీ చేత చిన్న గుడ్డపట్టీ మీద సంఖ్యను దారంతో కుట్టించి, కాలరు కింద ఒకటి, జేబు లోపలి వైపు ఒకటి వేయించండి. దొరికిన చొక్కా ఎవరిదో, ఎప్పుడు పోయిందో చెప్పేది ఆ పట్టీయే.

ఇచ్చిన వస్తువుల కంటే ఇవ్వకుండా మిగిలినవి ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. ఒక ఉద్యోగి పోగొట్టుకున్న కార్డు మీద అతని ముఖం ఉంటుంది, దానిని వాడేవాడు ఎక్కడో ఒకచోట పట్టుబడే అవకాశం ఉంది. బీరువాలోంచి పోయిన ఖాళీ కార్డు మీద ఎవరి ముఖమైనా అచ్చవుతుంది. ఖాళీ కార్డులు, హోలోగ్రాం చుట్టలు, రబ్బరు ముద్రలు, సంతకం స్కాన్ చేసి ఉంచిన కంప్యూటరు ఫైలు, ఈ నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉండకుండా చూడండి. అచ్చులో పాడైన కార్డులను చెత్తబుట్టలో వేయకుండా రెండు ముక్కలు చేసి, ఆ ముక్కలను కూడా లెక్కలో చూపించిన తరువాతే నాశనం చేయాలి. మూడు నెలలకొకసారి, ముందుగా చెప్పకుండా, రిజిస్టరులోని సంఖ్యలను చేతిలోని వస్తువులతో సరిచూడండి.

రిటైరయ్యేవారు, బదిలీ అయ్యేవారు, కాంట్రాక్టు ముగిసినవారు వస్తువులు అప్పగించిన తరువాతే నో డ్యూస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సర్వీసులో ఉండగా చనిపోయినవారి ఇంటికి మాత్రం రిజిస్టరు పట్టుకుని వెళ్లకండి. ఆ చొక్కాను దాచుకోవాలని కుటుంబం కోరుకుంటే ఉంచుకోనివ్వండి. బ్యాడ్జీలు, కార్డు ఇచ్చేస్తే చాలునని, వారికి తెలిసిన సహోద్యోగి చేత నెమ్మదిగా చెప్పించండి.

బట్టలు, బ్యాడ్జీలు

యూనిఫాం వేసుకునే వారికి నా సూచన ఒక్కటే, చొక్కా మీ ఒంటి మీద లేనప్పుడు దాని మీద బ్యాడ్జీ కూడా ఉండకూడదు. ఉతకడానికి, ఇస్త్రీకి, దర్జీకి ఇచ్చే ముందు వాటిని తీసి ఇంట్లోనే ఒక డబ్బాలో వేయండి. డ్యూటీ దిగి బస్సులో వచ్చేటప్పుడు చొక్కా మీద మామూలు చొక్కా వేసుకోండి, యూనిఫాం సంచిని పైనున్న అరలో కాకుండా ఒళ్లో పెట్టుకోండి. బండి వెనక సీటులో కనిపించేలా టోపీని వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. పోలీసు టోపీ ఉంటే బండిని ఎవరూ ముట్టుకోరన్న నమ్మకమే దానికి కారణం, కానీ అద్దం పగలగొట్టేవాడు ఆ టోపీ కోసమే వచ్చి ఉండవచ్చు.

పాతబడిన యూనిఫాంలను స్టీలు సామాన్లు అమ్మేవాళ్లకు వేసేయడం మన ఇళ్లలో మామూలు. వేయాలనుకుంటే బ్యాడ్జీ కుట్టిన చోటును, శాఖ ముద్ర ఉన్న జేబును కత్తిరించి తీసేసి, వీపు మీద నిలువునా చీల్చిన తరువాతే వేయండి. అప్పుడు అది మసిగుడ్డగా తప్ప మరెందుకూ పనికిరాదు.

బజారులో దొరికే నకిలీలు దీనికి తోడు. భారత సైన్యం 2022 జనవరి 15న సైనిక దినోత్సవ కవాతులో కొత్త పోరాట దుస్తులను ప్రదర్శించిన తరువాత, ఆ రంగుల అమరికకు మేధోహక్కుల రిజిస్ట్రేషన్ కూడా చేయించింది. అనుమతి లేకుండా ఆ నమూనాలో బట్ట నేసి అమ్మేవారి మీద చర్య తీసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. మీ శాఖకు ఆ స్థాయి ఏర్పాటు లేకపోయినా, బట్ట కుట్టే దర్జీకి శాఖ ఉత్తరం చూపిస్తేనే ముద్ర ఉన్న బ్యాడ్జీలు కుట్టాలని లిఖితపూర్వకంగా చెప్పవచ్చు, మిగిలిన గుడ్డముక్కలను తిరిగి తీసుకోవచ్చు.

కార్డు

కొత్త ఉద్యోగం వచ్చిన ఆనందంలో కార్డును ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం మానుకోండి. నకిలీ కార్డు చేసేవాడికి కావలసిన అచ్చు, రంగు, సంతకం, సంఖ్య అన్నీ ఆ ఒక్క ఫొటోలో దొరుకుతాయి. జిరాక్సు ఇవ్వవలసి వస్తే ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో దాని మీద అడ్డంగా రాసి ఇవ్వండి. కార్డులిచ్చే కార్యాలయం ప్రతి కార్డు మీద గడువు తేదీ పెద్ద అక్షరాల్లో కనిపించేలా చూడాలి. పోయిన కార్డుకు బదులుగా ఇచ్చే కార్డుకు పాత సంఖ్యనే ఇవ్వడం తప్పు. అలా ఇస్తే రద్దయిన కార్డు ఏదో, చెల్లే కార్డు ఏదో గేటు దగ్గర ఉన్నవాడికి తెలిసే దారి ఉండదు.

బండి విషయంలో ఎక్కువ జాగ్రత్త

2001 డిసెంబరు 13న పార్లమెంటు ఆవరణలోకి ఉగ్రవాదులు వచ్చిన తెల్ల అంబాసిడర్ కారు మీద ఎర్ర బుగ్గ, అద్దం మీద హోం శాఖ పేరుతో నకిలీ స్టిక్కరు ఉన్నాయి. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో కామా ఆసుపత్రి దగ్గర పోలీసు అధికారులను కాల్చి చంపిన ఇద్దరు ఉగ్రవాదులు, ఆ అధికారుల క్వాలిస్ బండిలోనే వెళుతూ మెట్రో సినిమా దగ్గర గుమిగూడిన జనం మీద కాల్పులు జరిపారు. పోలీసు బండి వస్తోందని అక్కడివారు ధైర్యంగా ఉన్న క్షణమది. 2016లో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద జరిగిన దాడికి ముందు ఉగ్రవాదులు ఎత్తుకుపోయిన కారు ఒక ఎస్పీది, దాని మీద నీలి బుగ్గ ఉంది. ఆ అధికారి బయటపడి సమాచారం ఇచ్చిన తరువాత కూడా ఆ మాటను పూర్తిగా నమ్మడానికి విలువైన సమయం పట్టింది. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీద బుగ్గలు తీసేశారు. అత్యవసర సేవల వాహనాలకే వాటిని పరిమితం చేయడం ఆడంబరం తగ్గించడానికని అందరూ అనుకున్నారు కానీ, నా దృష్టిలో దాని అసలు ప్రయోజనం భద్రతే. బుగ్గలున్న బండ్లు ఎంత తక్కువగా ఉంటే, ఉన్నదానిని ప్రశ్నించడం అంత తేలిక.

డ్రైవరు టీకొట్టు దగ్గర ఇంజిన్ ఆపకుండా దిగే అలవాటును మొదట మాన్పించండి. రెండో తాళం డ్రైవరు ఇంట్లో కాకుండా ఆఫీసులో, సంతకం పెట్టి తీసుకునేలా ఉండాలి. లాగ్‌బుక్కులో బయలుదేరిన సమయం, కిలోమీటరు రీడింగు, తిరిగి వచ్చిన సమయం బండి కదిలినప్పుడే రాయించండి, నెలాఖరున ఒకేసారి రాసిన లాగ్‌బుక్కు దొంగతనం జరిగిన రోజున ఎందుకూ పనికిరాదు. వైర్‌లెస్ సెట్టు, సైరన్, మైకు ఉన్న బండ్లలో వాటి సంఖ్యలు కూడా విడిగా రాసి ఉంచండి, ఎందుకంటే బండి దొరికినా అవి దొరకకపోవచ్చు.

మన రెండు రాష్ట్రాల్లో అందరూ చూసీచూడనట్టు వదిలేసే సమస్య అద్దె కార్లది. శాఖలు నెలవారీ అద్దెకు తీసుకున్న కార్ల ముందు అద్దం మీద “ఆన్ గవర్నమెంట్ డ్యూటీ” అనే బోర్డు వేలాడుతుంది. కాంట్రాక్టు ముగిసిన తరువాత కారు తిరిగి యజమాని దగ్గరికి వెళుతుంది, బోర్డు కూడా దానితోపాటే వెళుతుంది. ఏడాది తరువాత ఆ కారు ఎవరి చేతిలో ఉందో శాఖకు తెలియదు. కాబట్టి బోర్డును కారు యజమాని చేయించుకునే పద్ధతి మానిపించి, శాఖే సంఖ్య, గడువు తేదీ, కారు నంబరు అచ్చువేసిన బోర్డును ఇవ్వాలి, చివరి నెల బిల్లు చెల్లించే ముందు దానిని వెనక్కి తీసుకోవాలి. బిల్లు చేతిలో ఉండగా బోర్డు తప్పకుండా వస్తుంది, చెల్లించిన తరువాత ఎవరూ తెచ్చివ్వరు.

వేలానికి వెళ్లే బండ్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో 2020 ఏప్రిల్ 18, 19 తేదీల్లో ఒక వ్యక్తి 22 మందిని చంపాడు. అతను అక్కడి పోలీసులు వాడి వదిలేసిన ఫోర్డ్ టారస్ కార్లను ప్రభుత్వ వేలంలో కొని, వాటిలో ఒకదానికి స్టిక్కర్లు వేయించి అచ్చంగా పోలీసు కారులా తయారుచేసుకున్నాడు. ఆ కారు ఫొటో 19వ తేదీ ఉదయం ఏడున్నర ప్రాంతంలో పోలీసులకు అందింది, ప్రజలకు దానిని చూపించింది పది దాటిన తరువాత. దాని వెనక కిటికీ దగ్గర రాసి ఉన్న సంఖ్య, ముందు భాగంలో ఉన్న నల్లటి ఇనుప కడ్డీ అసలు కార్ల నుంచి దానిని వేరుచేసే గుర్తులు, కానీ ఆ మూడు గంటల్లో రోడ్డు మీద ఉన్నవారికి అవి తెలియలేదు. అక్కడి పోలీసులు తరువాత పాత కార్ల అమ్మకాన్ని ఆపివేశారు.

మన దగ్గర 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగడం లేదు. సైన్యం, శాంతిభద్రతలు, అంతర్గత భద్రత కోసం వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. అయినా పదిహేనేళ్లు నిండకముందే పనికిరావని తేల్చి (కండెమ్ చేసి) వేలం వేసే బండ్లు ఉంటాయి. అలాంటి బండిని అప్పగించే ముందు శాఖ ముద్రను, రంగుచారలను గీకించి, ఆ చోట మళ్లీ రంగు వేయించండి. స్టిక్కరు మాత్రమే పీకితే ఎండకు వెలిసిన రంగు మధ్య ఆ అక్షరాల ఆకారం తేటగా కనిపిస్తూనే ఉంటుంది, ఎవరైనా దాని మీదుగానే కొత్తది అతికించుకోవచ్చు. సైరన్, బుగ్గ బిగించే ఇనుప పట్టీలు, వైర్‌లెస్ యాంటెనాను ఊడదీయించి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, అప్పగింత కాగితంతో కలిపి ఫైలులో పెట్టండి. రిజిస్ట్రేషన్ కొన్నవారి పేరు మీదికి మారిందో లేదో నెల తరువాత సరిచూసేదాకా ఆ ఫైలును మూయవద్దు.

పోయిందని తెలిసిన తొలి గంటలో

ముందు నోటిమాటగానైనా పై అధికారికి చెప్పండి, రాతకోతలు తరువాత చూసుకోవచ్చు. అధికారి కూడా ఆ క్షణంలో “ఎలా పోయింది” అని విచారణ మొదలుపెట్టకుండా “ఏమేం పోయాయి, ఎక్కడ, ఎన్ని గంటలకు” అన్నంతవరకే అడగాలి. అదే రోజు చెప్పినవారి నుంచి వస్తువు ఖరీదు మాత్రమే వసూలు చేస్తామని, దాచిపెట్టిన వారి మీదే క్రమశిక్షణ చర్య ఉంటుందని ముందుగానే సర్క్యులర్ ఇచ్చి ఉంచండి. మా ఆఫీసులో ఆ సంచి ఉదంతం తరువాత చేసిన మార్పుల్లో ఇదొక్కటే నిజంగా పనిచేసింది. మెమోల భయం ఉన్నచోట ఏ రిజిస్టరూ సమయానికి నిజం చెప్పదు.

తరువాత పోలీసులకు ఫిర్యాదు చేయండి. నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, దానిని తప్పక తీసుకోండి. ఫిర్యాదులో “యూనిఫాం, కార్డు” అని ఊరుకోకుండా కుట్టించిన సంఖ్య, కార్డు సంఖ్య, బ్యాడ్జీ హోదా, బండి అయితే ఇంజిన్, ఛాసిస్ సంఖ్యలు, అద్దం మీది పగులు, బంపరు మీది సొట్ట వంటివి కూడా రాయండి. నంబరు ప్లేటును మార్చవచ్చు కానీ సొట్టను వెంటనే మార్చలేరు.

బండి పోతే 112కు ఫోన్ చేయండి. ఫాస్టాగ్‌ను వెంటనే బ్లాక్ చేయించాలన్న తొందరలో ఒక మంచి ఆధారాన్ని పోగొట్టుకోకండి. బండి టోల్‌గేటు దాటినప్పుడు నమోదైన ఫోనుకు సందేశం వస్తుంది, అది ఏ దారిలో వెళుతోందో దానితో తెలియవచ్చు. ఎప్పుడు బ్లాక్ చేయాలో పోలీసులను అడిగి నిర్ణయించుకోండి. కార్డు పోతే గేటు దగ్గరి యంత్రాల్లో, హాజరు యంత్రంలో, కంప్యూటరు లాగిన్‌లో దాని సంఖ్యను అదే గంటలో రద్దు చేయించాలి. ఆ తరువాత ఆ సంఖ్యను, వస్తువు వివరాలను మీ శాఖలోని అన్ని గేట్లకు, పక్క ఆఫీసులకు, ఆ వేషంలో వెళ్లగలిగిన చోట్లకు, అంటే సంతకో, కాలనీ సంఘానికో, ఆసుపత్రికో పంపించండి. పరువు పోతుందని ఈ చివరి పని చేయడానికి చాలా కార్యాలయాలు వెనుకాడతాయి.

గేటు దగ్గర, గుమ్మం దగ్గర

వాచ్‌మన్‌కు యూనిఫాం వేసుకున్న మనిషిని ఆపే ధైర్యం ఇవ్వవలసింది అతని యజమాని. “ఎవరిని ఆపినా నీ ఉద్యోగానికి ఢోకా లేదు” అని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కాగితం మీద రాసి గేటు దగ్గర అంటించాలి. వచ్చినవారి కార్డును చేతిలోకి తీసుకుని ముఖంతో పోల్చి, సంఖ్యను, సమయాన్ని పుస్తకంలో రాయించండి. సరిచూడడానికి కార్డు మీద అచ్చయిన ఫోన్ నంబరుకు చేయవద్దు, ఎందుకంటే నకిలీ కార్డు మీద ఉండేది నకిలీ నంబరే. దగ్గరి పోలీస్ స్టేషన్, విద్యుత్ సెక్షన్ ఆఫీసు, గ్యాస్ ఏజెన్సీ, మున్సిపల్ వార్డు ఆఫీసుల నంబర్లను ముందే సేకరించి గోడ మీద రాసి ఉంచండి. నిజంగా డ్యూటీ మీద వచ్చినవారు రెండు నిమిషాలు ఆగడానికి ఇబ్బంది పడరు.

బండి మీద అనుమానం వస్తే నంబరు ప్లేటును చూడండి. హై సెక్యూరిటీ ప్లేటుకు ఎడమ వైపు అశోక చక్రంతో ఉన్న చిన్న చదరపు హోలోగ్రాం, దాని కింద లేజరుతో చెక్కిన సంఖ్య, ఊడదీస్తే విరిగిపోయే బిగింపు ఉంటాయి. ఆ నంబరును ప్రభుత్వ వాహన సమాచార యాప్ ఎంపరివాహన్‌లో వేస్తే బండి రకం, మోడల్ కనిపిస్తాయి. తెరమీద కారు అని చూపించి ఎదురుగా జీపు ఉంటే ఆ సంగతిని 112కు చెప్పండి, మీరే వెళ్లి నిలదీయకండి.

ఇంటికి పోలీసులమని వచ్చినవారి విషయంలో చట్టం మీకు అండగా ఉంది. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించేలా ధరించాలని, సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలని సురక్షా సంహిత 36వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 1996లో డీకే బసు కేసులో ఇచ్చిన ఆదేశాల నుంచి వచ్చిన నియమమది. సోదా జరిపితే ఆడియో, వీడియో రికార్డు చేయాలని 105వ సెక్షన్ అంటోంది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. మహిళలను, అరవై ఏళ్లు దాటినవారిని సాక్షులుగా విచారించడానికి ఇల్లు దాటి రమ్మని బలవంతపెట్టకూడదు. రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా వస్తే తలుపు తీయకుండానే పేరు, స్టేషన్ అడిగి, 112కు ఫోన్ చేసి, ఆ పేరుగలవారు ఆ పని మీద వచ్చారో లేదో తెలుసుకోండి. నిజమైన పోలీసుల మీద చేయి చేసుకోవడం గానీ, వారిని గదిలో బంధించడం గానీ చేయవద్దు. రద్దీ ఉన్న దారిలోకి వెళ్లి మాట్లాడదామని మర్యాదగా అడగవచ్చు.

వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనిపించి “డిజిటల్ అరెస్టు” అంటే మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి. చట్టంలో అటువంటిదేదీ లేదు. డబ్బు వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి.

ఇలాంటి వేషాలకు శిక్ష లేకపోలేదు. ప్రభుత్వోద్యోగిగా నటించి ఆ హోదాలో ఏదైనా చేస్తే నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా పడతాయి. నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకున్నా, ఆ గుర్తు పట్టుకు తిరిగినా 205వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలో, అయిదు వేల రూపాయల దాకా జరిమానాయో, రెండూనో ఉంటాయి. ఫిర్యాదు రాసేటప్పుడు దొంగతనంతో పాటు ఈ సెక్షన్లు కూడా వర్తిస్తాయేమో చూడమని కోరండి.

పోయిన వస్తువు ఒక్కోసారి తిరిగి దొరుకుతుంది. కార్డు సోఫా సందులోంచి బయటపడుతుంది, చొక్కా పొరపాటున మార్చి ఇచ్చిన ఇస్త్రీ మూటలోంచి వస్తుంది. సంతోషంలో ఆ కార్డును మళ్లీ మెడలో వేసుకోకండి. రద్దయిన సంఖ్య రద్దయినట్టే ఉండాలి, లేకపోతే గేట్లన్నింటికీ పంపిన జాబితా అబద్ధమవుతుంది. కార్డుకు మధ్యలో రంధ్రం చేసి స్టోర్స్‌లో అప్పగించండి. చొక్కా అయితే లోపలి పట్టీని విప్పించి కొత్త సంఖ్య కుట్టించండి. దొరికిన తేదీని, ఎక్కడ దొరికిందో రిజిస్టరులో పాత వరుస పక్కనే ఎర్ర సిరాతో రాయించి, స్టేషన్‌కు కూడా ఒక ఉత్తరం పంపండి.